గొడవలు లేని ఇల్లు

1982 జూలైలో నన్ను రాజోలు ప్రాంతానికి ఫీల్డ్ ఇన్వెస్టిగేటరుగా వేశారు. భార్యాభర్తల మధ్య ఘర్షణకూ, ఆ ఇంటి పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకునే పనులకూ సంబంధం ఉందా అన్నది మా పరిశోధన. నా పైన సూపర్‌వైజరు, ఆయన పైన ప్రాజెక్టు డైరెక్టరు. ఇల్లిల్లూ తిరిగి చెప్పులరగదీసుకునే హోదా మాత్రం నాది. మేం అడిగే ప్రశ్నల పత్రాన్ని షెడ్యూలు అనేవాళ్లం. భర్తను విడిగా, భార్యను విడిగా, కొడుకునో కూతురినో మరీ విడిగా కూర్చోబెట్టి అడగాలి. ఒకరు చెప్పింది ఇంకొకరి చెవిన పడకూడదు. ప్రాణాపాయం ఉందనిపిస్తే మాత్రం, చెప్పినవాళ్లకు ముందుగా తెలియజేసి పెద్దలకు చెప్పవచ్చు.

దేవదానం మాస్టారి ఇల్లు కాలవగట్టు మీద ఉండేది. ఆయన ప్రాథమిక పాఠశాల హెడ్‌మాస్టరు. భార్య కరుణమ్మగారు, ఒక్కడే కొడుకు విజయ్. వాడు ఇంటర్ రెండో సంవత్సరం. ఇంట్లో గొడవ పడతారా అని అడిగితే మాస్టారు లేదన్నారు. అరుచుకోవడం? లేదు. తిట్టుకోవడం? అదీ లేదు. వంటింట్లో కరుణమ్మగారూ అవే జవాబులిచ్చారు. ఇద్దరూ అబద్ధమాడలేదు. ఘర్షణను కొలిచే మా స్కేలు మీద ఆ ఇంటికి సున్నా వచ్చింది. అంత సఖ్యత నేనెక్కడా చూడలేదు. నిజం చెప్పాలంటే కాస్త అసూయ కూడా కలిగింది.

విజయ్‌ని పెరట్లో కొబ్బరి చెట్ల కింద కూర్చోబెట్టాను. సిగరెట్టు, కల్లు, పేకాట, అన్నిటికీ బుద్ధిగా లేదన్నాడు. నీళ్ల సంగతికి వచ్చేసరికి తల దించుకున్నాడు. కాలవ లాకుల తలుపులెత్తి నీళ్లు వదిలినప్పుడు, పైనుంచి ఆ సుడిలోకి దూకుతాడట. ఇప్పుడు వరదనీరు వచ్చింది కాబట్టి రేపు మళ్లీ దూకుతాడట. ఎందుకని అడిగాను. ఆ ప్రశ్న షెడ్యూల్లో లేదు.

"మా అమ్మా నాన్నా మాటాడుకోరండి," అన్నాడు. "అమ్మకి మండపేటలో టీచరుద్యోగం వస్తే, నాన్న అమ్మకి చెప్పకుండా వద్దని కబురెట్టేసేరంట. అప్పట్నుంచీ ఇంతేనండి. ఏదన్నా చెప్పుకోవాలంటే సాయంత్రం ప్రార్థనలో ప్రభువుకి చెప్తారండి. రెండోవాళ్లు వింటారు. నేను ఆమేన్ అంటానండి."

"మరి దూకడం ఎందుకు?"

"నిరుడు లాకుల మీంచి జారిపడి చెయ్యిరిగిందండి. ఇద్దరూ నన్ను మధ్యలో కూచోబెట్టుకుని బస్సులో అమలాపురం తీసుకెళ్లేరు. దారంతా మాటాడుకున్నారండి. కట్టు విప్పేసేక మళ్లీ మామూలే."

 నియమం ప్రకారం వాడికి చెప్పాను: ఇది నేను దాచలేను, నువ్వే చెబుతావా, నన్ను చెప్పమంటావా అని. వాడు చేతిలోని కొబ్బరి పీచంతా పీకేశాడు. చివరికి, "సాయంత్రం ప్రార్థనకి ఉండండి మేడంగారూ," అన్నాడు.

లాంతరు వెలిగించి చాప పరిచారు. మాస్టారు మొదలుపెట్టారు. "దయగల తండ్రీ, వంటింటి కప్పు కారుతోందని నీకు తెలుసు. ఎల్లుండి మనుషులు వస్తున్నారు. ఈలోగా గిన్నెలవీ తీసిపెట్టుకునే జ్ఞానం దయచెయ్యి." కరుణమ్మగారు అందుకున్నారు. "ప్రభువా, ఆ వచ్చేవాళ్లకి అన్నం వండాలో అక్కర్లేదో కూడా నీకే తెలియాలి." నవ్వు ఆపుకోవడానికి నేను తల మరింత వంచాను.

తరవాత విజయ్ వంతు. 

"ప్రభువా, రేపు లాకుల మీంచి దూకుదామనుకున్నాను. చెయ్యో కాలో విరిగితే అమ్మా నాన్నా మాటాడుకుంటారని. నాకు భయంగా ఉంది ప్రభువా. నువ్వు కాస్త మధ్యలోంచి తప్పుకో."

ఆమేన్ అనేవాడు వాడే కాబట్టి, ఇంకెవరూ అనలేదు. కరుణమ్మగారు కళ్లు తెరిచి భర్త వైపు తిరిగారు.

"వింటున్నారాండీ, వాడేమంటున్నాడో?"

"విన్నాను కరుణా," అన్నారు మాస్టారు. ఆయన చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. నేను సంచీ తీసుకుని చప్పుడు కాకుండా బయటికి వచ్చేశాను. గట్టు మీద నడుస్తూ ఏడ్చాను.

కొన్ని నెలలకు, అదే షెడ్యూలుతో ప్రతి ఇంటికీ రెండోసారి వెళ్లే విడత వచ్చింది.

"గొడవలా? పొద్దుట్నుంచీ అదే పనండి," అన్నారు కరుణమ్మగారు. "పులుసులో ఉప్పెక్కువైందన్నారు. అయితే మీరే వండుకోండన్నాను."

అదే ప్రశ్నకు మాస్టారు వరండాలో కూర్చుని, "ఆయ్, పడతామండి," అని ఒప్పుకున్నారు. "మండపేట సంగతి కూడా రోజూ ఎత్తుతుందండి. ఎత్తనివ్వండి. తప్పు నాదే కదా." లాకుల మీంచి దూకడం గురించి విజయ్ చెప్పిన జవాబు: మానేశాను.

మా స్కేలు ప్రకారం ఆ ఇంట్లో ఘర్షణ బాగా పెరిగిపోయింది. సూపర్‌వైజరుగారు అంకెలు చూసి, పొరపాటు పడ్డానేమో సరిచూసుకోమన్నారు. సరిచూడవలసింది షెడ్యూలునని చెప్పాను. గొడవ లేకపోవడాన్ని సఖ్యత కింద లెక్కవేయకూడదు. ఆ తరవాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఏ ఇంటికి వెళ్లినా ఒక ప్రశ్న అదనంగా అడిగాను: మీరిద్దరూ ఒకరితో ఒకరు నేరుగా ఆఖరిసారి మాట్లాడుకున్న మాట ఏమిటి?