నాలుగో వరుసలో తప్పిన పోగు

దెయ్యాలు, శకునాలు, కలలో కనపడి చెప్పడాలు, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా అలాంటి కబురు మొదలుపెడితే "ఏమీ జరగని రోజుల సంగతి ఎందుకు చెప్పవు?" అని అడిగి వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లే రకాన్ని. చదివింది కూడా అలాంటి చదువే. మ్యాథమెటికల్ ఫైనాన్స్‌లో ఎమ్మెస్సీ.

మాది రేపల్లె. మా అబ్బా టైలరు. కాలేజీ బాపట్లలో. తెనాలి దాకా ఒక రైలు, అక్కడ మారి ఇంకో రైలు. బస్సుకి వెళ్తే దగ్గరే గానీ, కుదుపుల్లో లెక్కలు చెయ్యలేం.

అన్ని పేపర్లూ గట్టెక్కాను, ఒక్క స్టోకాస్టిక్ కాలిక్యులస్ తప్ప. అది రెండుసార్లు తప్పాను. విషయం తెలీక కాదు, చేతి తొందర. మూడోసారే ఆఖరి అవకాశం, అదీ పోతే పట్టా లేదు. అబ్బా నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ రైసు మిల్లు ఆఫీసులో నాకోసం ఉద్యోగం అడిగి ఉంచాడని అమ్మీ నోరు జారింది. ఆ రోజు బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

పరీక్ష వారమంతా మా ఇంట్లో 'తప్పు' అన్న మాట ఎవరూ ఎత్తలేదు. శకునాలు నమ్మనన్నాను కదా, ఎత్తొద్దని చెప్పింది మాత్రం నేనే.

ఆ ఉదయం బాగా మంచు. తెనాలిలో నా క్లాస్‌మేట్ ప్రసన్న కలిసింది. వాళ్లది కొల్లూరు, లంకలో అరటి తోటలున్న కుటుంబం. ఇద్దరం బాపట్ల వైపు వెళ్లే రైలెక్కాం. నిడుబ్రోలు దాటాక రైలు ఎందుకో ఆగిపోయింది. కిటికీ బయట పొలం లేదు, గట్టు లేదు, అంతా తెలుపే. పెట్టెలో మాటలు కూడా ఒక్కొక్కటే తగ్గిపోయాయి. నోట్సు ఒళ్లో పెట్టుకుని, చదువుతున్నానో నిద్రపోతున్నానో తెలియని స్థితిలో ఉన్నాను.

ఎదురు సీట్లో ఒక మామ్మ ఉంది. నేత చీర, చెవులకి దుద్దులు. ఎప్పుడెక్కిందో నేను చూడలేదు.

"ఇదేం చదువు తల్లీ?"

"రేట్లు ఎలా పెరుగుతాయో, ఎలా తగ్గుతాయో లెక్కగట్టే చదువు మామ్మా."

"అయితే రేపు నూలు రేటెంతో చెప్పు."

"అది చెప్పలేమండి."

"చెప్పలేని దానికి ఇన్ని కాయితాలా!" అంది. ప్రసన్న పకపకా నవ్వింది. మా రెండేళ్ల చదువునీ ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది మరి.

తమది చీరాల పక్కనే ఉన్న పేరాల అని, చిన్నప్పటి నుంచీ మగ్గమేనని, అక్షరం ముక్క రాదని చెప్పింది. చెబుతూనే నా నోట్సు అందుకుంది. చదివేవాళ్లు పట్టుకున్నట్టు పట్టుకోలేదు. బట్ట నాణ్యం చూసేవాళ్లలా పేజీని కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పెట్టి, బొటనవేలితో పైనుంచి కిందికి నిమిరింది. ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడ పోగు తప్పింది తల్లీ. ఇప్పుడే చూసుకో. కిందికి నేసుకుంటా పోయాక బట్టంతా విప్పుకోవాలి."

తప్పింది! వారం రోజులుగా ఇంటిల్లిపాదీ దాచిన మాట, పరీక్షకెళ్తుంటే ముఖానే పడింది. నాకు ఒళ్లు మండిపోయింది. "మామ్మా, అది బట్ట కాదు" అని నోట్సు లాక్కున్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు, నవ్వి కిటికీ వైపు తిరిగింది. వేలు ఆగింది నాలుగో వరుస మీద, అది మాత్రం చూశాను. రైలు కదిలింది. బాపట్లలో మేం దిగేటప్పుడు ఆవిడ కూర్చునే ఉంది, చీరాల దాకా వెళ్లాలిగా. వెళ్లొస్తానని కూడా చెప్పలేదు నేను.

మధ్యాహ్నం పరీక్షలో ఆ పేజీలోని లెక్కే వచ్చింది. షేరు ధర ఎలా కదులుతుందో రాబట్టే పెద్ద లెక్క. మామూలు గణితంలో, చాలా చిన్న మార్పుని దానితోనే హెచ్చవేస్తే వచ్చేది ఇంకా చిన్నది, వదిలేసినా ఏమీ కాదు. ఈ లెక్కలో అలా వదలకూడదు. వదిలితే ఒక ముక్క రాలిపోతుంది. ఆ కింద అన్ని వరుసలూ చూడ్డానికి బాగానే ఉంటాయి, జవాబు మాత్రం గల్లంతు.

గబగబా రాసుకుంటూ పోయాను. జవాబుకి రెండు వరుసల దూరంలో ఉండగా, హాల్లో చల్లగా మంచు దిగినట్టనిపించింది. 'ఇక్కడ పోగు తప్పింది తల్లీ.' చెవిలో చెప్పినట్టే వినిపించింది. పెన్ను ఆగింది. పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో వరుసలో ఆ ముక్క లేదు.

కింద రాసిందంతా కొట్టేసి మళ్లీ రాశాను. బట్ట విప్పుకున్నట్టే. చివరి వరుస పూర్తయ్యేసరికి గంట కొట్టారు.

పాసయ్యాను. ఆ ఒక్క లెక్క పోయుంటే పాసయ్యేదాన్ని కాదు, మార్కులే చెప్పాయి. అబ్బా మిషను ఆపి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశాడు.

ఇక్కడిదాకా అయితే నా దగ్గర సమాధానం ఉంది. నోట్సులో తప్పుంది, గీతల్లో ఎక్కడో వెలితి ఆవిడ అలవాటుపడ్డ కంటికి ఆనింది, అంతే. ప్రసన్నకి అదే నిరూపించాలని నోట్సు తీశాను.

నాలుగో వరుస సరిగ్గా ఉంది.

ఏ ముక్కా పోలేదు. కొట్టివేత లేదు, దిద్దిన గుర్తు లేదు. పక్క పేజీలు కూడా చూశాం. ప్రసన్న వేలు పెట్టి రెండుసార్లు చదివింది. ఆవిడ మాట ప్రసన్న కూడా విన్నది, కాబట్టి కల అనడానికి లేదు. ఆ మాట గుర్తుండటం వల్లే నేను వెనక్కి చూసుకున్నాను, ఒప్పుకుంటాను. కానీ మామ్మ ఆ వరుస మీద వేలు పెట్టే సమయానికి నేనింకా ఆ తప్పు చెయ్యలేదు.

పేరాల రెండుసార్లు వెళ్లొచ్చాను. పేరడగని మామ్మని ఏ మగ్గం దగ్గరని వెతకను? నోట్సు చేతిలోంచి లాక్కున్నందుకు ఒక్కసారి క్షమించమని అడగాలని ఉంది. ఎలా చూసిందో కూడా అడుగుతాను. అది మాత్రం నాకు ఇప్పటికీ తెలీదు.