గవ్వరాళ్ళ లోయలో సమాధుల పండుగ

ఆ లోయను అందరూ రాక్షసిబల్లుల లోయ అనేవారు. నేను చూసినంతలో అక్కడ ఒక్క బల్లి ఎముకా లేదు. ఉన్నవల్లా ఆ బల్లుల కాలంనాటి సముద్రపు గవ్వలు, రాళ్ళలో రాళ్ళయిపోయి. గల్ఫ్‌లో మేం పనిచేసే అల్ ఐన్ ఊరి బయట, నీడంటూ లేని చోటు.

1979 నవంబరు రెండు, శుక్రవారం. సెలవు కాబట్టి ఆసుపత్రి బస్సులో నర్సులం వెళ్ళాం. మా వైపు క్రైస్తవులకు ఆ రోజు సమాధుల పండుగ. పోయినవాళ్ళ సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు.

నా గదిలో ఉండే అక్కది దివిసీమ. 1975లో మూడేళ్ళ కూతురిని భర్త దగ్గర వదిలి వచ్చింది. 1977 ఉప్పెనలో ఆ పిల్ల కొట్టుకుపోయింది. శవం దొరకలేదు. ఎవరో తీసుకెళ్ళి పెంచుకుంటున్నారని భర్త ఊళ్ళు తిరుగుతూనే ఉన్నాడు. అక్క కూడా పిల్ల పోయిందని ఏనాడూ అనలేదు. అంతకుముందు ఏడాది పండుగకు మేం కొవ్వొత్తులు వెలిగిస్తుంటే లేచి బయటికి వెళ్ళిపోయింది.

"ఆ బల్లి మన మేట్రన్‌లాగే నడిచేదేమోనే!" అంది మాలో ఒక గుంటూరు పిల్ల. అందరం నవ్వాం. అక్క మాత్రం గవ్వ ఉన్న రాయి పట్టుకుని ఇక్కడ సముద్రం ఉండేదా అని పఠాన్ డ్రైవర్‌ను అడిగింది.

"భాయ్, యహాఁ సముందర్ థా?"

"థా, సిస్టర్. బహుత్ పహ్లే. అబ్ ఖలాస్."

ఉండేదట, ఎప్పుడో. ఇప్పుడు అయిపోయిందట. అక్క అక్కడే కూర్చుండిపోయింది. కాసేపటికి రాళ్ళు ఏరి వరుసగా పేర్చసాగింది. సమాధి కడుతోందని అర్థమై మేమూ ఏరి అందించాం. పేరుస్తూ పేరుస్తూ ఆగింది.

"ఎంత పొడుగు పెట్టాలే? నేనొచ్చేటప్పుడు నా నడుం దాకా కూడా లేదు. పోయేనాటికి ఎంతయిందో నేను చూళ్ళేదుగా."

పోయిందన్న మాట ఆమె నోట వినడం అదే మొదలు.

నేను పిల్లల వార్డులో రోజూ ఎత్తులు కొలిచేదాన్ని. ఇసుకలో జానలు వేసి గీత గీశాను.

"అయిదేళ్ళకు ఇంతుంటారక్కా. కాస్త అటూ ఇటూ."

"వాళ్ళ నాన్న పొడుగే. దానికి ఆయన పోలికే" అంటూ గీత అవతల ఇంకో రాయి పెట్టింది.

సాయంత్రం ప్రార్థనకని తెచ్చిన కొవ్వొత్తి గుంటూరు పిల్ల ఇచ్చింది. గాలికి నిలవకపోతే చుట్టూ నిలబడి కొంగులు అడ్డం పట్టాం. అది కరిగిపోయేదాకా డ్రైవర్ హారన్ కొట్టలేదు.

అక్క ఈ సంగతి భర్తకు రాయలేదు. ఆయన ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు వెతికాడు.