అమెరికా పంపు, బ్రిటిష్ గ్యాలను

తెలంగాణ వచ్చిన మరుసటి వానాకాలం. అప్పుడు నేను భూపాలపల్లిలో ఒక భూగర్భ బొగ్గుగనిలో అసిస్టెంట్ ఇంజినీరును. బొగ్గు తియ్యడం వేరేవాళ్ల పని, గనిలో ఊరే నీళ్లు బయటికి తోడించడం నాది. తోడినన్నాళ్లూ మనమొకరం ఉన్నామని ఎవరికీ గుర్తుండదు. ఒక్కపూట పంపు ఆగిందా, అందరి నోటా మన పేరే.

ఆ ఏడు ఊట పెరిగింది. మా గనిలో ఊటను గ్యాలన్లలోనే చెప్పుకునేవాళ్లం. కాలువకు అడ్డంగా వి ఆకారపు గంటు ఉన్న ఇనుపరేకు నిలిపి, ఆ గంటులో నీరు ఎంత ఎత్తున పారుతోందో కొలిచి, బ్రిటిష్ కాలం నాటి పట్టికలో నిమిషానికి ఎన్ని గ్యాలన్లో చూసేవాళ్లం. నాలుగు వందల యాభై వచ్చింది. అమెరికా నుంచి ఐదు వందల గ్యాలన్ల కొత్త పంపు తెప్పించారు. పంపుల ఫోర్‌మన్ సమ్మయ్య పాతదాన్ని ఆపి దీన్ని బిగించాడు.

పంపు బ్రహ్మాండంగా తిరిగింది. నీళ్లు మాత్రం ఎక్కుతూనే ఉన్నాయి. బయట అదే రేకు పెట్టి కొలిస్తే పంపు ఇస్తున్నది నాలుగు వందల పదహారు గ్యాలన్లే. బిగింపులో లోపమని పై ఇంజినీరుగారు తేల్చేసి, సమ్మయ్యకు ఛార్జి మెమో రాయమని నాకే చెప్పారు. నాకు ఒళ్లు మండింది. సమ్మయ్య బిగించిన పంపు ఒక్కటి కూడా అంతవరకు నన్ను ఇబ్బంది పెట్టలేదు.

"ఇప్పి మళ్ల బిగించిన సార్. గాలి గుంజుతలేదు, ఏడ లీకు లేదు. ఇగ నేనేం జెయ్యాలె?" అన్నాడు. సర్వీసులో ఒక్క మెమో కూడా లేదని గొప్పగా చెప్పుకునే మనిషి, ముఖం వాడిపోయింది. చూడలేకపోయాను.

పంపు దగ్గర కూర్చుని దాని మీది పేరుపలక తుడిచి చదివాను. గ్యాలన్ల అంకె కింద సన్నటి అక్షరాల్లో లీటర్లు కూడా ఉన్నాయి: 1,893. గ్యాలన్లు కనబడ్డాక మాలో ఎవరమూ కిందికి చూడలేదు. మాకు లీటర్లంటే పాలకూ పెట్రోలుకే. భాగించి చూస్తే గ్యాలనుకు మూడు ముప్పావు లీటర్ల పైచిలుకు. మా పట్టికలోని బ్రిటిష్ గ్యాలను నాలుగున్నర లీటర్ల పైమాటే. అమెరికా గ్యాలను దానిలో ఆరింట ఐదు వంతులే. వాళ్ల ఐదు వందలు మా లెక్కలో నాలుగు వందల పదహారు. పంపు ఇవ్వాల్సినదంతా ఇస్తూనే ఉంది.

సమ్మయ్యకు ఆ లెక్క చెప్పాను. "అమెరికోళ్లయి అన్ని పెద్దగుంటయనుకున్న. గ్యాలన్ గింత చిన్నదా సార్?" అన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం.

పై ఇంజినీరుగారు లెక్క చూశాక మెమో ఊసెత్తలేదు. పాత పంపును కూడా కొత్తదాని పక్కన నడిపించాం. మర్నాటికి నీళ్లు తగ్గుముఖం పట్టాయి. అడుగున పనిచేసేవాళ్లు టిఫిన్ డబ్బాలతో ఎప్పటిలాగే దిగిపోతుంటే నాకు చాలా సంతోషమేసింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా పద్ధతి ఒక్కటే. లెక్క తక్కువొస్తే ముందు కొలత ఎవరిదో అడిగేవాణ్ని. మనిషిలో తప్పు వెతకడం ఆ తర్వాతి పని.