ఖాళీ గదిని చూసే కెమెరా

కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లోని మా ఇంట్లో శుక్రవారం అంటే సినిమా. నేనూ, మా ఆయన రఘూ తొందరగా వంట ముగించుకుని సోఫాలో చేరేవాళ్ళం. ఒక కౌబాయ్ సినిమా, ఒక దెయ్యం సినిమా, ఒక కోర్టు కథ, పాటలతో నిండిన ఒక కామెడీ. మాకు బాగా నచ్చిన ఈ నాలుగూ ఒకే దర్శకుడివని కనిపెట్టింది రఘూయే.

"పాత్రలు గదిలోంచి వెళ్ళిపోయినా ఈయన కెమెరా కదలదు. ఖాళీ గదినే కాసేపు చూస్తుంది, గమనించావా?" అన్నాడు.

అప్పట్నుంచి ఆయన సినిమాలన్నీ వెతికి చూశాం. చివరిది మాత్రం రఘుకి నచ్చలేదు. "పేరు ఆయనదే గానీ ఇది ఆయన సినిమా కాదు" అనేశాడు.

రఘు పోయి ఏడాది దాటింది. ఆ సినిమాలు హాలీవుడ్‌లో ఒక పాత థియేటర్లో వేస్తున్నారనీ, దర్శకుడు కూడా వస్తున్నాడనీ తెలిసి ఒక్కదాన్నే బయల్దేరాను.

శుక్రవారం పొద్దున శాన్ హోసేలో రైలెక్కాను. విమానమైతే గంటలో దిగుతాం, రైలుకి రోజంతా పడుతుంది. అయినా వెళ్ళేవాళ్ళకి నేను రైలే చెబుతాను. కుడివైపు కిటికీ దొరికితే మరీ మంచిది. మధ్యాహ్నం దాకా కూరగాయల పొలాలు, ఎండిన కొండలు. ఆ తర్వాత పట్టాల పక్కనే సముద్రం. పక్క సీట్లో శాంటా బార్బరాలో చదువుకునే తెలుగమ్మాయి నిత్య. నా పులిహోర ఇద్దరం తింటుంటే, ఎవరి సినిమాల కోసం వెళ్తున్నానో చెప్పాను.

"వెయిట్ ఆంటీ, ఆ దెయ్యం మూవీ కూడా ఆయనే తీశాడా? అది చూసి నేను వన్ వీక్ లైట్ ఆన్ చేసి పడుకున్నా! అంకుల్ రాలేదా?"

"లేరమ్మా. ఆయన అడగాలనుకున్నది నేను అడగడానికి వెళ్తున్నా."

దిగేటప్పుడు నిత్య వెనక్కి తిరిగి, "బ్యాక్‌లో కూర్చోకండి ఆంటీ, మైక్ రాదు" అంది.

రాత్రికి చేరి, థియేటర్ దగ్గర్లోనే ఒక మోటెల్లో దిగాను. మర్నాడు మధ్యాహ్నం కోర్టు సినిమా వేశారు. అయ్యాక చేతికర్రతో ఆ ముసలి దర్శకుడు వేదికెక్కాడు. ఇన్ని రకాల సినిమాలు ఎలా తీశారని ఎవరో అడిగారు.

"ఒకే రకం తీస్తే మా ఆవిడకి విసుగు. నా ఎడిటర్ ఆవిడే" అన్నాడు. అందరూ నవ్వారు.

మూడో వరసలో లేచి నిలబడ్డాను. మైకు అందుకుని ఖాళీ గదుల గురించి అడిగాను.

"నేను కట్ చెప్పాక కూడా కెమెరా కాసేపు నడుస్తూనే ఉంటుంది. ఆ ముక్కలు అందరూ పారేస్తారు, మా ఆవిడ ఉంచేది. వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారేమో, తొందరేముంది అనేది." చేతికర్ర మీదికి వంగాడు. "నా చివరి సినిమాకి ఆవిడ లేదు."

"ఆ తేడా మావారు పట్టుకున్నారు" అన్నాను.

"ఆయన వచ్చారా?"

తల అడ్డంగా ఊపాను.

"మంచి కన్ను ఆయనది" అన్నాడు మెల్లగా.

ఆదివారం తిరుగు రైలు. ఊరేమీ చూడలేదు, చూడాలనీ అనిపించలేదు. ఇంత కోరికతో నేను ఎక్కడికీ వెళ్ళలేదు, ఇంత ఆత్రంగా ఎక్కడ్నుంచీ తిరిగి రాలేదు. సలీనాస్‌లో పొద్దు వాలింది. రైలు ఇంకాస్త త్వరగా పోతే బాగుండు, వెళ్ళగానే రఘుకి చెప్పెయ్యాలి అనుకుంటూ కూర్చున్నాను. వినడానికి ఇంట్లో రఘు లేడని శాన్ హోసేలో దిగాక గానీ గుర్తు రాలేదు.