మా ట్రాక్టరు సెల్ఫ్ మోటారు గోల

మా ఆయన ఎద్దుల్ని అమ్మి పాత ట్రాక్టరు కొన్నప్పుడే నాకు ఒళ్ళు మండింది. కరువు మీద కరువు వచ్చిన కాలం, ఎద్దులకు మేత లేదు, నిజమే. అయితే మాత్రం! ఆంధ్రా వైపు ఎవరో వదిలించుకున్న బండిని తెచ్చి ఇంటి ముందు నిలబెట్టి, బానెట్ మీది పేరును తువ్వాలుతో తుడుస్తూ "అసలు కంపెనీ బండి" అని అరసికెరె దాకా టముకు వేసుకున్నాడు మహానుభావుడు.

తాళం తిప్పితే ఇంజన్‌ను తిప్పి లేపేది సెల్ఫ్ మోటారు. మా బండికి అది మొదటి నుంచీ రోగిష్టిదే. అందుకే బండిని ఎప్పుడూ మిట్ట మీదే నిలిపి, అది మొరాయించిన రోజు కిందికి దొర్లించి లేపేవాడు, లేదా నలుగురు వచ్చి తోసేవాళ్ళు. ఆ ఏడు వేరుశనగ విత్తే అదనుకు ఒకే ఒక్క మంచి వాన పడింది. మర్నాడు పొద్దున్నే తాళం తిప్పితే కాలిన వాసన కొట్టి సెల్ఫ్ కాస్తా చచ్చింది. దొర్లిస్తే బురదలో టైర్లు జారాయే గానీ ఇంజన్ లేవలేదు. బండి పోయి పల్లంలో కూర్చుంది. తోయడానికి మనుషులేరీ? వాన పడిన మర్నాడు ఎవరి చేలో వాళ్ళుంటారు. బాడుగ ఎద్దులు అడిగితే "మాది అయినాక చూస్తాంలేమ్మా" అన్నారు.

ఇంట్లో నేనూ మా అత్తా వేళ్ళు వాచేలా ఒలిచిన విత్తనం మూటల్లో ఉంది. ఒలిచిన గింజ ఇంకో వాన దాకా ఆగదు. చేలో పదును ఆరేలోగా అది మట్టిలో పడాలి, లేకపోతే ఆ ఏడు మాకు పంట లేదు.

సెల్ఫ్ ఊడదీసి చూస్తే లోపలి తీగలన్నీ మాడిపోయాయి. వేరేది తేవాల్సిందే. ఆయన బస్సెక్కి హొసకోటకు పోయి, అంగట్లో బానెట్ మీది పేరు చెప్పి ఒకటి తెచ్చాడు. మా ఇంజన్‌కు మూడు బోల్టులు, దానికి రెండు!

"ఏమయ్యా, గాజులకు పోయినా పాత గాజు చేతికేసుకొని పోతాం. ఆ పాతది సంచిలో వేసుకొని పోకూడదా?" అన్నాను.

"ఊరుకోవే. పేరు చెప్తే చాలు. అంత బరువు యాడ మోసేది?" అన్నాడు.

రెండోసారి ఏం చేశాడనుకున్నారు? చీపురు పుల్లతో బోల్టు రంధ్రాల దూరం కొలిచి, ఆ పుల్ల జేబులో పెట్టుకుని పోయాడు. ఈసారి బోల్టులు కూర్చున్నాయి. తాళం తిప్పితే మాత్రం ఒకటే కిర్రుమని మోత. దాని పళ్ళకూ ఇంజన్ చక్రం పళ్ళకూ పొత్తు కుదరలేదు. బయట గాలి విసిరి కొడుతోంది. ఆ గాలికి చేను ఎంత ఆరిపోతోందో తలుచుకుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు.

ఇక లాభం లేదని, మాడిపోయిన మా బండి సెల్ఫ్‌నే పాత చీరలో మూటగట్టి చంకనేసుకున్నాను. మా ఆయన బస్సు దాకా వెంటపడ్డాడు. "వద్దే, రేపు నేనే పోతా. ఆడదానివి, నువ్వు పోయి ఏం అడుగుతావు?" అని ఒకటే బతిమాలడం. మగతనం అడ్డొచ్చిందిలే అనుకుని బస్సెక్కాను.

అంగట్లో నలుగురైదుగురు రైతులు కూర్చుని ఉన్నారు. మూట విప్పి బల్ల మీద పెట్టాను.

"ఏ బండిదక్కా?" అన్నాడు అంగడాయన.

"పేరు అడగొద్దన్నా. పేరు చెప్పి మా ఆయన రెండుసార్లు నీ దగ్గరే తెచ్చినాడు, కుదర్లేదు. దీన్ని చూసి ఇయ్యి."

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు, పళ్ళు లెక్కపెట్టాడు, నవ్వాడు. "మీ ఆయన చెప్పిన బండిది కాదక్కా ఇది. ఎవరో ఇంజన్ మార్చినారు. పైన పేరొకటి, లోపల ఇంజనొకటి. ఆ పేరు మీద నేను ఎన్ని ఇచ్చినా కుదిరేది లేదు."

కూర్చున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన లోపలి నుంచి ఇంకో సెల్ఫ్ తెచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి రంధ్రాలూ పళ్ళూ సరిచూసి, ఏ వైపు తిరుగుతుందో కూడా చూసి ఇచ్చాడు. బస్సులో వస్తున్నంతసేపూ బండి అమ్మినవాణ్ణి శాపనార్థాలు పెట్టాను. పాపం, మా ఆయన్ను ఎంత మోసం చేశాడు! విత్తడం అయ్యాక నిదానంగా చెబుదాంలే, ఇప్పుడు చెబితే కుంగిపోతాడు అనుకున్నాను.

బిగించి తాళం తిప్పగానే ఇంజన్ లేచింది. ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొచ్చింది. దిగువ చేనంతా విత్తాం. ఎగువ చేలోకి ఎక్కగానే విత్తే గొర్రు వెనక దుమ్ము లేచింది. నిలపమని అరిచి, సాలులో చేయి పెట్టి తవ్వాను. ఎంత లోతుకు పోయినా పొడి మట్టే. సగం విత్తనం మూటల్లోనే ఉండిపోయింది.

ఆయన బండి దిగి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. విత్తనం మాట ఎత్తుతాడనుకున్నాను.

"అంగట్లో ఎవరెవరుండిరి? ఇంజన్ మార్చిండే సంగతి అందరికీ తెలిసిపోయిందా?" అన్నాడు మెల్లగా.

నేను ఆ సంగతి ఆయనకింకా చెప్పనే లేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"కొనేటప్పుడే చెప్పినారు" అన్నాడు తల వంచుకుని.

తిట్టబోతే ఏడుపొచ్చింది. "మొదుట్నే ఆ మాట అంగట్లో చెప్పింటే ఈ గింజలన్నీ తడిలో పడేవి కదయ్యా" అన్నాను.