కప్పు తట్టే కాక

బొగ్గుబాయిలో మా ఆయన షిఫ్టుకు సర్దార్‌గా చేసిన కాక, మా ఆయన పోయాక కూడా గోదావరిఖనిలో మా ఇంటికి వస్తుండేవాడు. వస్తే ముందు కూర్చునేవాడు కాదు. చేతికర్రతో వరండా పైకప్పును రెండుసార్లు తట్టి, ఆ చప్పుడు వినేవాడు. బొగ్గుబాయిలో కప్పు గట్టిదైతే ఖంగుమంటుందట, విడిపోతుంటే డొల్లగా మోగుతుందట. అది విన్నాకే మనుషులను లోపలికి పంపాలి. అదీ ఆయన డ్యూటీ. రిటైరైనా ఆ అలవాటు పోలేదు.

ఒక పొద్దున పేపర్లో చదివిన సంగతి చెప్పాడు.

"కోట్ల ఏండ్ల కింద రెండు నల్ల బొందలు గుద్దుకున్నయట బిడ్డా. వెలుతురును గూడ మింగే బొందలవి. ఆ వణుకు చెరువుల అల లెక్క సాగి సాగి మన భూమిని దాటి పోయిందట."

"నా గిన్నె ఒక్కటన్న కదల్లే గద కాకా!"

"నీ గిన్నెలకేం ఎరుక! పరమాణువు కంటే సన్న వణుకది. దాన్ని పట్టేటందుకే కిలోమీటర్ల పొడుగు మిషన్లు పెట్టిండ్రు."

నవ్వబోయాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"గంత దూరపుది మిషన్లకు ఎరుకైంది గని, బాయిల మా ఆయన మీద కూలిన కప్పు నీకు ఎరుక కాలేదా కాకా?"

కాక చేతిలోని కర్రను గోడకు ఆనించాడు.

"ఆ పొద్దు తట్టిన్నో, తట్టకనే లోపలికి పొమ్మన్ననో... నాకే యాదికొస్తలేదు బిడ్డా."

"తట్టిన" అని అబద్ధమైనా చెబితే నా మనసు నిమ్మళించేదా? అయినా ఆ పూట ఆయనకు చాయ్ పోశాను; నిజం చెప్పినందుకేనా? నాకు ఇప్పటికీ తేలలేదు.