అవ్వ పళ్లపొడి

మా బోరు నీళ్లలో సీసం ఉందని తేల్చింది నేనే. దాన్ని తీసేస్తానని గొప్పలు పోయిందీ నేనే. కర్నూలు కాలేజీలో నీళ్ల మీద పరిశోధన చేస్తున్నాను. ఆ తెలివంతా చూపించుకోవడానికి నాకు దొరికింది డోన్ దగ్గర మా అవ్వ ఇల్లు.

పొలంలో ఊరికే తగలబెట్టే వేరుశనగ పొట్టును గాలి చొరని డబ్బాలో కాల్చి బొగ్గు చేశాను. దాన్ని బయోచార్ అంటారు. బకెట్లో ఇసుక మీద పరిచి నీళ్లు పోస్తే, సీసం బొగ్గుకే అంటుకుని ఉండిపోతుంది. పరీక్షలో నీళ్లు బాగున్నాయని తేలిన రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

కొన్నాళ్లకు పాత బొగ్గు తీసేసి కొత్తది వేశాను. పాతది ఎంత సీసం పట్టిందో కాలేజీలో చూద్దామని చాటలో ఆరబోశాను. అది విషమని ఎవరికీ చెప్పలేదు. బస్సు హడావుడిలో మరిచిపోయి వెళ్లిపోయాను.

మళ్లీ నెలకు గానీ ఊరికి రాలేదు. వచ్చేసరికి అవ్వ పెరట్లో కూర్చుని నల్లటి పొడితో పళ్లు తోముకుంటోంది. ఆమెకు పేస్టు రుచించదు. బొగ్గూ ఉప్పూ నూరుకోవాల్సిందే.

"ఆ బొగ్గు యాడిదవ్వా?"

"నీదే అమ్మీ. చాటలో ఉంటే గాలికి పోతాదని నూరి పెట్టుకున్నా. నీళ్లనే కడిగే బొగ్గు పండ్లు కడగదా? శానా నున్నగా ఉండాది."

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడిందట. ఇక్కడ పడింది బల్లి కాదు, మా అవ్వ.

బూజు పట్టిందని అబద్ధమాడి డబ్బా లాక్కున్నాను. బీపీ చూపిద్దామని ఇంకో అబద్ధమాడి మరునాడే ఆసుపత్రికి తీసుకెళ్లాను. రక్తంలో సీసం ఉందేమో చూడమని డాక్టరును చాటుగా బతిమాలాను. లైన్లో అవ్వ పక్కావిడతో, "నా మనవరాలు. చదువు మానుకోని నన్ను తీసుకొచ్చింది. ఈ కాలంలో ఎవురు చూస్తారమ్మా?" అంటోంది. ఆమె నన్ను నాలుగు తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

సూది గుచ్చుతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇక దాచలేక, "అవ్వా, ఆ బొగ్గు..." అన్నాను. ఏడుపు ముంచుకొచ్చి మాట ఆగిపోయింది.

"దానికి ఏడుస్తాండావా అమ్మీ?" అంది అవ్వ. "ఏడ్వద్దు. తప్పు నాదేలే. నిన్ను అడక్కుండా తీసుకున్నా."